తపాలా బిళ్లంత సినిమా, తిప్పి చూసే లోకం

ఇంటింటి తెర: 17వ భాగం

నా బీరువా అడుగు అరలో, పాత పెళ్లి ఆల్బమ్‌ల పక్కన ఒక సీడీ ఉంది. 1990ల చివర్లో విదేశం నుంచి వచ్చిన మిత్రుడు ఒకాయన ఇచ్చింది. అందులో నాలుగైదు ఊళ్ల కూడళ్లు ఉండేవి. ఒకదాన్ని తెరిచి, మౌస్ నొక్కిపట్టి పక్కకి లాగితే తెర మీద కూడలి కదిలేది. చర్చి గోడ పోయి దుకాణాల వరుస వచ్చేది, దుకాణాలు పోయి గుర్రబ్బండి వచ్చేది, ఆ తర్వాత మళ్లీ మొదటి చర్చే. ఒకరోజు మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చాను. ఆవిడ భయంభయంగా ఒక చుట్టు తిప్పి, ఆగి, "ఒరే, దీనికి వెనకాల కూడా ఉందిరా!" అన్నది.

ఫోటోకి వెనకాల ఉండేది అట్ట. సినిమాకి వెనకాల ఉండేది గోడ. జీవితమంతా బొమ్మలను ఎదురుగా నిలబడి చూసిన మనిషికి, వెనక్కి తిరిగి చూడనిచ్చిన మొదటి బొమ్మ అది.

మొన్న దసరా సెలవుల్లో ఆ సీడీని మళ్లీ బయటికి తీశాను. సీడీ డ్రైవు ఉన్న కంప్యూటర్ దొరకడమే కష్టమైంది. దొరికాక పెడితే ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనిపించాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఫైళ్లన్నీ చెడిపోయి కాదు. వాటిని తిప్పి చూపించే ప్రోగ్రామే కంప్యూటర్లలోంచి తప్పుకుంది.

సీడీ-రామ్ ఇళ్లలోకి ఎలా వచ్చిందో గత వారం చెప్పుకున్నాం. ఆ సీడీలోకి కదిలే బొమ్మ ఎలా ఎక్కిందో, దాని వెంటే ఈ తిరిగే బొమ్మ ఎలా పుట్టిందో ఈ వారం చూద్దాం. రెండింటి ఇంటిపేరూ ఒకటే: ఆపిల్ కంపెనీ తెచ్చిన క్విక్‌టైమ్ అనే ప్రోగ్రామ్.

నూట ఎనభై రెట్ల చిక్కు

ముందు ఒక లెక్క. 1991 నాటి ఇంటి కంప్యూటర్ తెర 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు. రంగులు సహజంగా కనిపించాలంటే చుక్కకి 3 బైట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకే 9 లక్షల 21 వేల 600 బైట్లు. అమెరికా టీవీలో లాగా కదలాలంటే అలాంటి బొమ్మలు సెకనుకు 30 ఉండాలి. అన్నీ కలిపితే సెకనుకు 2 కోట్ల 76 లక్షల బైట్లు. సీడీలో పట్టేది 650 మెగాబైట్లు. ఈ లెక్కన సీడీ నిండా నింపినా అర నిమిషం సినిమా రాదు. పోనీ నింపామే అనుకున్నా, ఆనాటి సీడీ డ్రైవు సెకనుకు చదవగలిగింది 150 కిలోబైట్లు. కావలసింది దానికి 180 రెట్లు. గ్లాసుతో తోడి మాగాణి తడపాలన్నంత పని.

దీన్ని మూడు వైపుల నుంచి నరుక్కొచ్చారు. ముందు బొమ్మను చిన్నది చేశారు. 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు, అంటే తెరలో పదహారో వంతు. దానికి తపాలా బిళ్ల అని పేరు పడింది. తర్వాత సెకనుకు ముప్ఫై బొమ్మల బదులు పదిహేనుతో సరిపెట్టారు. అప్పటికీ సెకనుకు 8 లక్షల 64 వేల బైట్లు కావాలి. డ్రైవు ఇచ్చేదానికి ఇంకా ఐదు రెట్లకు పైనే. ఇక మిగిలింది బొమ్మను కుదించడం. అసలు విద్య అక్కడే ఉంది.

క్విక్‌టైమ్‌తో మొదట వచ్చిన వీడియో కుదింపు పద్ధతికి ఆపిల్ ఇంజనీర్లు తమలో తాము పెట్టుకున్న పేరు రోడ్ పిజ్జా. కారు చక్రాల కింద పడి అట్టులా అణిగిపోయిన జంతువును అమెరికా యాసలో అలా అంటారు. బొమ్మను నాలుగు చుక్కల వెడల్పు, నాలుగు చుక్కల ఎత్తు ఉన్న గడులుగా కోసి, ఒక్కో గడిని ఒకటి రెండు రంగులతో, వాటి మధ్య ఛాయలతో సరిపెట్టే పద్ధతి అది. మరుసటి ఏడాది సూపర్‌మాక్ కంపెనీలో పీటర్ బారెట్ తయారుచేసిన సినీపాక్ వచ్చాక గాని బొమ్మ కంటికి ఆనలేదు.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు సినీపాక్ సంగతి ఇట్టే అర్థమవుతుంది. అద్దకం పనివాడు చీర మీద ప్రతి పువ్వునూ చేత్తో గీయడు. పక్కన చెక్క అచ్చులు పెట్టుకుంటాడు, ఏ అచ్చు ఎక్కడ పడాలో అక్కడ అద్దుతాడు. సినీపాక్ కూడా ముందు బొమ్మను పరికించి, పదే పదే వచ్చే చిన్న గడుల నమూనాలతో ఒక అచ్చుల పెట్టె తయారుచేసుకుంటుంది. ఆపైన ఫైలులో రాసేదల్లా ఇక్కడ 17వ అచ్చు, దాని పక్కన 42వ అచ్చు అంటూ ఒక జాబితా. అచ్చు చెక్కడానికి రోజులు పడుతుంది, అద్దడానికి క్షణం చాలు. ఒక్క నిమిషం వీడియోను సినీపాక్‌లోకి మార్చడానికి ఆనాటి కంప్యూటర్లు గంటల తరబడి నడిచేవి. చూసేవాడి కంప్యూటర్‌కు మాత్రం అచ్చు తీసి అద్దడమే పని. కష్టమంతా చేసేవాడి నెత్తిన పడింది, చూసేవాడికి సుఖం దక్కింది. ఇంట్లో మామూలు కంప్యూటర్ సినిమా ఆడించగలిగిందంటే ఆ ఏర్పాటు వల్లే.

అయినా క్విక్‌టైమ్ గొప్పదనం కుదింపులో లేదని నా అభిప్రాయం. అది పేరులోనే ఉంది, కాలంలో ఉంది. అంతకుముందు కంప్యూటర్‌కు అంకె తెలుసు, అక్షరం తెలుసు, బొమ్మ తెలుసు. కాలం ఒక వస్తువుగా తెలియదు. క్విక్‌టైమ్ బొమ్మలనూ ధ్వనినీ ఒకే గడియారానికి కట్టేసింది. యంత్రం నిదానమైనదైతే మధ్యలో కొన్ని బొమ్మలు వదిలేస్తుంది గాని ధ్వనిని తెగనివ్వదు. కచేరీలో ఊపిరి అందకపోతే గాయకుడు ఒక సంగతి వదులుకుంటాడు, తాళం మాత్రం వదలడు. వినేవాళ్లకు పాట పాటగానే ఉంటుంది. అదే సూత్రం ఇక్కడా. ఒకే ఫైలు ఖరీదైన యంత్రంలో నునుపుగా ఆడేది, పాతదానిలో కుదుపులతో ఆడేది. రెండుచోట్లా ఒకే నిమిషానికి ముగిసేది.

1991 మే నెలలో, ప్రోగ్రామర్ల కోసం ఆపిల్ ఏటా జరిపే సమావేశంలో, క్విక్‌టైమ్ బృందానికి నాయకుడైన బ్రూస్ లీక్ దీన్ని మొదటిసారి నలుగురికీ చూపించాడు. ఆడించింది ఏడేళ్ల కిందట ఆపిల్ కోసం రిడ్లీ స్కాట్ తీసిన '1984' ప్రకటన. కిటికీ కొలత 320 చుక్కలకు 240. అదే సంవత్సరం డిసెంబర్ 2న అది మెకింటాష్ వాడేవాళ్ల చేతికొచ్చింది. ప్రత్యేకమైన కార్డులేవీ కొనక్కర్లేదు. ఉన్న కంప్యూటర్‌లోనే ఆడుతుంది.

చిన్న కిటికీలో మనిషి

కొత్త పనిముట్టు వచ్చినప్పుడు, దాని లోపాన్ని దాచుకునేవాళ్లు కొందరైతే, ఆ లోపాన్నే కథలో కలిపేసుకునేవాళ్లు కొందరు. రెండో కోవలోని వాళ్లు మిల్లర్ సోదరులు, రాండ్, రాబిన్. 1993లో వాళ్లు చేసిన 'మిస్ట్' ఆటలో ఒక గ్రంథాలయం ఉంటుంది. అక్కడి పుస్తకం తెరిస్తే పేజీ మీద చిన్న చతురస్రంలో ఒక మనిషి కనిపించి, గొంతు తెగుతూ, బొమ్మ చెదురుతూ మాట్లాడతాడు. అతను పుస్తకంలో బందీ. క్విక్‌టైమ్ కిటికీ చిన్నది కాబట్టి వాళ్లు దాన్ని జైలు గది చేశారు. ఆ సీడీ లక్షల్లో అమ్ముడుపోయింది. ఎంతోమంది సీడీ డ్రైవు కొన్నది ఆ ఆట కోసమే.

అదే ఏడాది వాయేజర్ అనే ప్రచురణ సంస్థ బీటిల్స్ బృందం నటించిన 'ఎ హార్డ్ డేస్ నైట్' సినిమాను మొత్తంగా ఒక సీడీ-రామ్‌లోకి ఎక్కించింది. పూర్తి నిడివి సినిమా ఒక సీడీ-రామ్‌లో పట్టడం అదే మొదలు. నలుపు తెలుపు సినిమా కావడం కుదింపుకు కలిసొచ్చింది. తెర మీద సినిమా ఆడుతుంటే పక్కనే స్క్రిప్టు కదిలేది. సినిమాను పుస్తకంలా పేజీ తిప్పి, నచ్చిన సన్నివేశానికి వెనక్కి వచ్చి చదువుకోవచ్చని వాళ్లు చూపించారు.

1992 చివర్లో విండోస్ కంప్యూటర్లకూ క్విక్‌టైమ్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా అప్పుడే తన వీడియో ఫర్ విండోస్‌ను విడుదల చేసింది. ఆ రెండింటి మధ్య ఒక చిన్న కంపెనీ నలిగింది. విండోస్ క్విక్‌టైమ్‌ను ఆపిల్ కోసం రాసిపెట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో కాన్యన్ కంపెనీ, ఆ తర్వాత ఇంటెల్ కోసం కూడా వీడియో పని చేసింది. ఇంటెల్ దగ్గరకు చేరిన ఆ కోడు మైక్రోసాఫ్ట్ వీడియోలో తేలింది. అది తమదేనంటూ ఆపిల్ 1994 డిసెంబర్‌లో కాన్యన్ మీద, 1995 ఫిబ్రవరిలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్‌ల మీద కోర్టుకెళ్లింది. 1997 ఆగస్టులో ఆపిల్, మైక్రోసాఫ్ట్ రాజీపడ్డాయి. మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు ఆపిల్‌లో పెట్టుబడి పెట్టింది. దివాలా అంచున ఉన్న ఆపిల్‌కు అది ఊపిరి. తపాలా బిళ్లంత సినిమా గురించి అంత పెద్ద తగవు నడిచిందంటే, ఇంటి తెర ఎవరి చేతిలో ఉంటే రేపటి వ్యాపారం వాళ్లదేనని ఇద్దరికీ తెలిసిపోయిందన్నమాట.

మన ఊళ్లలో ఎక్కువమంది కంప్యూటర్లో మొదట చూసిన సినిమా మాత్రం వీసీడీదే. డిస్కుకి 74 నిమిషాలు పట్టేది కాబట్టి తెలుగు సినిమా రెండు డిస్కుల్లోనో మూడింటిలోనో వచ్చేది. ఆ కథ పెద్దది, దానికి వేరే వారం ఇవ్వాలి.

గుండ్రటి గదిలో శ్రీరంగపట్నం

ఇప్పుడు మా అమ్మ చూసిన వెనకవైపు సంగతి.

చుట్టూ తిరిగి చూసే బొమ్మ కంప్యూటర్‌తో పుట్టలేదు. 1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు ఎడిన్‌బరోలో ఉంటూ దానికి పేటెంటు తీసుకున్నాడు. కాల్టన్ కొండ మీద నిలబడి చుట్టూ కనిపించే నగరాన్నంతా ఒకే పొడవాటి గుడ్డ మీద వేసి, ఆ గుడ్డను గుండ్రంగా బిగించాడు. తర్వాత లండన్ వచ్చి, 1793లో లెస్టర్ స్క్వేర్‌లో దీనికోసమే ఒక గుండ్రటి భవనం కట్టించాడు. జనం డబ్బిచ్చి, చీకటి దారిలో నడిచి, మెట్లెక్కి, నడిమధ్య వేదిక మీదికి వచ్చేసరికి చుట్టూ ఒక కొత్త నగరం. వెలుతురు పైనుంచి పడేది. గుడ్డ పై అంచూ కింది అంచూ కంటపడకుండా కట్టడం ఉండేది. బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడమే అందులోని కిటుకు. దానికి స్థిరపడిన పేరు పనోరమా. గ్రీకులో 'అంతా' అనే మాట, 'దృశ్యం' అనే మాట కలిపి చేసింది.

ఈ కథలో మన దక్షిణాదికి కూడా చోటుంది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడింది, టిప్పు సుల్తాన్ మరణించాడు. హైదరాబాదు నిజాం పంపిన సేన ఆ ముట్టడిలో ఇంగ్లీషువాళ్ల పక్షాన ఉంది. ఏడాది తిరక్కముందే, 1800లో, రాబర్ట్ కెర్ పోర్టర్ అనే యువ చిత్రకారుడు లండన్‌లోని లైసియం నాటకశాలలో శ్రీరంగపట్నం ముట్టడిని అర్ధచంద్రాకారంలో గీసి నిలబెట్టాడు. పొడవు 120 అడుగులు. ఆరు వారాల్లో ముగించాడని చెప్పుకుంటారు. అప్పటికి అతను భారతదేశంలో కాలు పెట్టలేదు. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు చెప్పింది విని, సైనికాధికారుల రూపాలు సేకరించి గీశాడు. లండన్ జనం కావేరి ఒడ్డు కోటగోడల ముందు నిలబడినట్టే చూశారు. తర్వాత ఆ గుడ్డ మంటల్లో కాలిపోయింది. దాన్ని చూసి చెక్కిన ముద్రణ చిత్రాలు మిగిలాయి. కాగితానికి ఎక్కింది కాబట్టే ఈరోజు మనకు తెలిసింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

హాలండ్‌లోని హేగ్ నగరంలో 1881 నాటి మెస్డాగ్ పనోరమా మాత్రం ఇప్పటికీ ఉంది. 14 మీటర్ల ఎత్తు, 120 మీటర్ల చుట్టుకొలత ఉన్న సముద్రతీరం అది.

ఇంట్లోకి వచ్చిన చుట్టుబొమ్మ

కంప్యూటర్‌తో ఊరు తిరగడం మొదలైంది 1978 ప్రాంతాల్లో. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ పరిశోధకులు కారు పైన నాలుగు కెమెరాలు బిగించి, కొలరాడోలోని ఆస్పెన్ అనే చిన్న ఊరి వీధులన్నీ తిరిగారు. పది అడుగులకొకసారి ఫోటో తీశారు. వాటిని లేజర్ డిస్కుల మీదికి ఎక్కించి, తెరను వేలితో తాకితే వీధిలో ముందుకూ పక్కలకూ వెళ్లేలా చేశారు. అద్భుతమే, కానీ ప్రయోగశాల దాటి ఇంటికి రాలేదు. ఆ సామగ్రి కొనడం సామాన్యుల తరం కాదు.

1990ల మొదట్లో వర్చువల్ రియాలిటీ అనే మాట మోగిపోతుండేది. అప్పుడు దానికి అర్థం తలకి శిరస్త్రాణంలాంటి తెర, వెనకాల లక్షల రూపాయల ఖరీదు చేసే యంత్రం. గోడ, కుర్చీ, చెట్టు అన్నిటినీ కంప్యూటర్ అప్పటికప్పుడు లెక్క కట్టి గీయాలి. చెట్టుకి ఆకులు పెరిగినకొద్దీ లెక్క పెరుగుతుంది, బొమ్మ ఆగిపోతుంది. ఆపిల్‌లో పనిచేస్తున్న ఎరిక్ చెన్ అనే పరిశోధకుడు ఈ చిక్కుకి ఒక తేలిక దారి పట్టాడు. గీయడం ఎందుకు? ఫోటో తీసిపెట్టుకుంటే పోలేదా? ఫోటోలో వెయ్యి ఆకులున్నా, ఖాళీ గోడ ఉన్నా కంప్యూటర్‌కు ఒకటే పని. చుట్టూ ఉన్న దృశ్యాన్ని ముందే ఒక స్తంభం లోపలి గోడకి అంటించినట్టు దాచిపెట్టి, చూసేవాడు ఎటు తిరిగితే అటు భాగాన్ని సరిచేసి చూపిస్తే చాలు. సరిచేయడం ఎందుకంటే, వంపు గోడ మీది తిన్నని గీత విల్లులా వంగి కనిపిస్తుంది. ఆ వంపును క్షణక్షణం తీసేసి చూపడమే ప్రోగ్రామ్ చేసే పని. కళ్లద్దాలు లేవు, ప్రత్యేక యంత్రం లేదు, చేతిలో మౌస్ ఉంటే సరిపోతుంది.

దీని పేరు క్విక్‌టైమ్ వీఆర్. దీన్ని వాడి మొదట అమ్మకానికి వచ్చిన సీడీ 1994 నాటి స్టార్ ట్రెక్ సాంకేతిక దర్శిని. టీవీ ధారావాహికలోని అంతరిక్ష నౌక గదుల్లో నిలబడి చుట్టూ చూడొచ్చు. 1995లో ఇది అందరికీ వచ్చింది. ఆ ఆగస్టులోనే లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో చెన్ తన పత్రం సమర్పించాడు. ఆయన చేసిన వాటిలో రెండో రకం కూడా ఉంది. మనం మధ్యలో నిలబడి లోకాన్ని తిప్పడం ఒకటైతే, వస్తువును మధ్యలో పెట్టి దాన్నే తిప్పడం ఇంకొకటి. మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న కంచు విగ్రహాన్ని ఇంట్లో కూర్చుని వెనక్కి తిప్పి, వీపు మీది చెక్కడం చూడటం దానితోనే వీలైంది.

తీయడం ఎలాగో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పనిలోనే దీని అందం ఉంది. ట్రైపాడ్ మీద కెమెరాను నిలువుగా బిగించి, ముప్ఫై డిగ్రీలకొకటి చొప్పున పన్నెండు ఫోటోలు తీస్తారు. పక్కపక్క ఫోటోల అంచులు ఒకదాని మీదికొకటి రావాలి. కష్టం ఎక్కడంటే, కెమెరా ఏ బిందువు చుట్టూ తిరగాలి అన్నచోట. బొటనవేలిని ముక్కుకి ఎదురుగా చాచి ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు వెనకాల ఉన్న కిటికీ జరిగినట్టు కనిపిస్తుంది. కెమెరా కూడా కాస్త పక్కన తిరిగితే దగ్గరి స్తంభం, దూరపు గోడ ఒక్కో ఫోటోలో ఒక్కోచోట పడి, అతుకు కుదరదు. లెన్సులోకి కిరణాలన్నీ కలిసి దూరే బిందువును పట్టుకుని, సరిగ్గా దాని చుట్టూ తిప్పాలి. ఫోటోగ్రాఫర్లు దాన్ని నోడల్ పాయింట్ అనేవాళ్లు. దాన్ని వెతుక్కోవడానికే ప్రత్యేకమైన ట్రైపాడ్ తలలు కొనేవాళ్లు, లేనివాళ్లు ఇనప పట్టీలతో సొంతంగా చేయించుకునేవాళ్లు.

ఆ పన్నెండు ఫోటోలను కుట్టేస్తే వచ్చేది 2496 చుక్కల పొడవు, 768 చుక్కల ఎత్తు ఉన్న ఒక పట్టీ. దాన్ని 24 ముక్కలు చేసి, కుదించి, పక్కకి పడుకోబెట్టి ఫైలులో దాస్తారు. మొత్తం కొన్ని వందల కిలోబైట్లు. మన డయల్ అప్ రోజుల్లో సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద 500 కిలోబైట్లు రావడానికి, లైను బాగుంటే, రెండు నిమిషాల పైన పట్టేది. అంతసేపూ ఇంటి ఫోను ఎంగేజ్. అయినా ఆగేవాళ్లం. మొదట్లో నేలా పైకప్పూ కనిపించేవి కావు. 2001లో క్విక్‌టైమ్ 5తో పెట్టెలా ఆరు ముఖాల పనోరమా వచ్చాక తలెత్తి ఆకాశమూ, తలదించి నేలా చూడగలిగాం.

ఈ విద్యను అందరి చేతికీ ఇచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్‌లో భౌతికశాస్త్రం, గణితం బోధించిన హెల్ముట్ డెర్ష్. 1998లో పనోరమా టూల్స్ అనే ప్రోగ్రామ్ రాసి ఉచితంగా ఇచ్చేశాడు. అప్పటికి అమెరికాలో ఐపిక్స్ అనే కంపెనీ చేపకన్ను లెన్సుతో తీసిన రెండు ఫోటోలను గోళంగా కలిపి, బొమ్మకింత అని రుసుము తీసుకుంటోంది. పేటెంటు తనదంటూ ఆ కంపెనీ డెర్ష్ వెంటపడింది. ఆయన తన ప్రోగ్రామ్‌లో చేపకన్ను లెన్సు చూపును 160 డిగ్రీలకు కుదించుకోవలసి వచ్చింది, చివరికి తన పేజీనే తీసేశాడు. కానీ కోడు అప్పటికే బయట ఉంది. దాన్ని పట్టుకుని ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు హ్యూగిన్ వంటి ప్రోగ్రామ్‌లు కట్టారు. ఐపిక్స్ 2006లో మూతపడింది. డెర్ష్ రాసిన సూత్రాలు ఇవాళ్టికీ ఫోటోలు కుడుతూనే ఉన్నాయి. ఈ చరిత్రలో నేను నమస్కారం పెట్టే మనిషి ఆయన.

అదే 2006లో మన హంపీ ఫ్రాన్స్ వెళ్లింది. విజయనగర శిథిలాలను ఏళ్ల తరబడి ఫోటో తీసిన ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ తీసిన పనోరమాలతో, సారా కెండర్‌డైన్, జెఫ్రీ షా 'ప్లేస్-హంపీ' అనే ప్రదర్శన చేశారు. గుండ్రటి తెర మధ్య తిరిగే వేదిక మీద నిలబడి, చూసేవాళ్లే దాన్ని తిప్పుకుంటూ హంపీ అంతా చూడొచ్చు. బార్కర్ గుండ్రటి గది, చెన్ తిరిగే బొమ్మ అక్కడ కలిశాయి. కృష్ణదేవరాయల నగరాన్ని ఫ్రాన్స్‌లోని లిల్ పట్టణవాసులు అలా చూశారు. తర్వాత హంపీకి దగ్గరలోని తోరణగల్లులో కూడా దాన్ని నెలకొల్పారు.

పోయింది ఏది, ఉన్నది ఏది

క్విక్‌టైమ్ వీఆర్‌ను ఎవరూ చంపలేదు. పట్టించుకోవడం మానేశారు, అంతే. 2007లో గూగుల్ స్ట్రీట్ వ్యూ వచ్చి, ఆస్పెన్ కారు చేసిన పనిని నగరాలకు నగరాలు చేయడం మొదలుపెట్టింది. 2022లో హైదరాబాద్ వీధులు కూడా అందులో చేరాయి. అటు ఆపిల్ 2009లో తెచ్చిన కొత్త క్విక్‌టైమ్ ప్లేయర్ వీఆర్ ఫైళ్లను తెరవలేదు. విండోస్ క్విక్‌టైమ్‌కు 2016 ఏప్రిల్‌లో ముగింపు వచ్చింది. దానిలో భద్రతా లోపాలున్నాయి, తీసేయండని అమెరికా ప్రభుత్వ సంస్థే హెచ్చరించింది. 2019లో మాక్‌లో కూడా పాత ప్లేయర్ పనిచేయడం మానేసింది. ఇరవై నాలుగేళ్లలో లోకంలో ఎంతమంది ఎన్ని కూడళ్లు, గుళ్లు, మ్యూజియంలు తిరిగి తీశారో, అవన్నీ మెల్లగా మూతపడ్డాయి.

అదే ఇంటిపేరున్న రెండో బిడ్డ మాత్రం మీ జేబులో ఉంది. క్విక్‌టైమ్ ఫైలు నిర్మాణం కిరాణా కొట్టులాంటిది. సరుకంతా ఒక గోదాములో ఉంటుంది; ఏ సరుకు ఏ మూల ఉంది, ఏది ఎప్పుడు తీయాలి అన్నది ఒక చిట్టాలో ఉంటుంది. 1998 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ నిర్మాణాన్నే ఎంపెగ్-4కు పునాదిగా ఎంచుకుంది. దాని వివరాలు అందరూ చదువుకునేలా ప్రమాణ పత్రంగా వచ్చాయి. ఈరోజు వాట్సాప్‌లో మీకొచ్చే ఎంపీ-4 వీడియో లోపల ఉన్నది ఆ గోదాము, ఆ చిట్టాయే. పెళ్లి వీడియో తీస్తుంటే మధ్యలో ఫోన్ చార్జింగ్ అయిపోయి, తర్వాత ఆ ఫైలు తెరుచుకోకపోవడం మీకు అనుభవమే అయి ఉంటుంది. చాలాసార్లు కారణం, సరుకు గోదాములో చేరింది గాని చిట్టా రాసేలోపు కరెంటు పోయింది. 1991లో వేసుకున్న పద్ధతి అది.

పది మందికీ పంచిన నిర్మాణం బతికింది, ఒక్క కంపెనీ ప్లేయర్‌ను నమ్ముకున్న బొమ్మ మూగబోయింది. కెర్ పోర్టర్ గుడ్డ కాలిపోయినా ముద్రణ చిత్రాలు మిగిలినట్టే.

నా సీడీ సంగతి చెప్పి ముగిస్తాను. మా మేనల్లుడు ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒక ఫైలును విప్పాడు. ఆ ప్రోగ్రామ్‌కు సినీపాక్ ఇప్పటికీ తెలుసు. తెర మీద పక్కకి పడుకున్న 24 ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వాటిని నిలబెట్టి, అతికించి, జేపెగ్ బొమ్మగా దాచాం. చర్చి, దుకాణాలు, గుర్రబ్బండి అన్నీ ఉన్నాయి. నాలుగు ఫైళ్లు వచ్చాయి, ఒకటి సీడీ మీది గీతల్లో పోయింది.

మీ ఇంట్లోనూ ఆ కాలపు సీడీలు ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. ముందు వాటిని అలాగే హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి, తర్వాత వీడియోలను ఎంపీ-4గా, బొమ్మలను జేపెగ్‌గా మార్చి రెండుచోట్ల దాచండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు తీశారు అన్నది ఒక కాగితం మీద రాసి జతపెట్టండి. సీడీ పైపూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. వాయిదా వేయకండి.

వచ్చే వారం: వీసీడీ పార్లర్లు.